కంట్రోలు బల్ల దగ్గర

ఆ ఏడు ఛాంపియన్‌షిప్ పందెం
మా మోంఫెర్రాతో కొండల మీదుగా పోయింది.
నాన్న పూటకూళ్ళింటి గుమ్మం ముందు
పిండి పిసికే బల్లే కంట్రోలు బల్ల.
దాని మీద లావుపాటి పుస్తకం,
పేజీలు ఎగరకుండా ఇస్త్రీపెట్టె.
సిరాబుడ్డి పట్టుకోవడం నా పని.
పన్నెండేళ్ళు నాకప్పుడు.

డబ్బు పుచ్చుకుని తొక్కేవాళ్ళట!
అమ్మకది అంతుపట్టలేదు.
"వీళ్ళు తొక్కితే ఎవరి చేను పండుతుంది?" అంది
కోడి ఈకలు పీకుతూ.

తెల్లారగట్ల మూడింటికి మిలానులో బయల్దేరారని టెలిగ్రాం.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత మలుపు దగ్గర దుమ్ము.
దుమ్ములోంచి ఎనిమిది మంది.
మొహాల్లేవు, పళ్ళు మాత్రమే.
భుజాల చుట్టూ ఎనిమిదంకెలా మెలేసిన టైర్లు.
సంతకం గీకారు, పచ్చిగుడ్లు మింగారు, పోయారు.
ఒకడు తొందరలో
నా సిరాబుడ్డిలో వేలే ముంచాడు.

మా ఊరి కొండ మొదట్లో
అందరూ దిగాల్సిందే.
వెనక చక్రం ఊడదీసి, అటుది ఇటు మార్చి,
మళ్ళీ బిగించుకోవాలి.
పెద్ద పళ్ళవైపు ఎక్కడానికి, చిన్న పళ్ళవైపు దిగడానికి.
మా ఊళ్ళో చక్రం తిప్పేవాళ్ళంటే
మేయరుగారూ, ద్రాక్షతోటల దొరా.
చేతులకి గ్రీజు పూసుకుని
నిజంగా చక్రం తిప్పినవాళ్ళని
ఆరోజే చూశాను.

మధ్యాహ్నం వాన.
ఇద్దరొచ్చారు. ఒకడొచ్చాడు.
ఒకడు కుర్చీలో కూలబడి, బూటు విప్పి,
అందులోని నీళ్ళు నేల మీద ఒంపి
"రైలుస్టేషను ఎటు?" అన్నాడు.

అయిదింటికి గడియారం ఆయన
జేబులోంచి గడియారం తీసి, దానికే చెప్పినట్టు
"గడువైపోయింది" అన్నాడు.
పుస్తకం చంకన పెట్టుకుని బండెక్కాడు.
జాబితాలో అరవై మూడో నంబరు
ఇంకా ఖాళీగానే ఉంది.
అది నేను చూశాను, ఆయనా చూశాడు.

దీపాలు పెట్టాక వచ్చాడు అరవై మూడు.
ఎవాసియో. కసాలే సున్నపు బట్టీలో కూలీ.
టైర్లన్నీ చిరిగిపోతే
ఆఖరిదాన్లో ఎండుగడ్డి కుక్కి కుట్టుకున్నాడు.
కుట్ల మధ్య గడ్డి పొడుచుకొస్తే
మా కంచరగాడిద మెడ చాచి వాసన చూసింది.

తిండి అడగలేదు. "పుస్తకమేది?" అన్నాడు.
నాన్న నవ్వాడు: "నువ్వొచ్చినట్టు ఎవరిక్కావాలయ్యా ఇప్పుడు?"
"వచ్చాను కదా. రైలెక్కలేదు కదా."
అంతే అన్నాడు. అరవలేదు.
చూరునీళ్ళు నడినెత్తిన పడుతున్నా
పక్కకి జరగలేదు.

అమ్మే లేచింది.
కోడి ఈకలు కొంగుకి అంటుకుని ఉండగానే
లోపల్నుంచి పద్దుల పుస్తకం తెచ్చి
బల్ల మీద పడేసింది.
పాలవాడి బాకీ, ఫాదరీ గారి సారా బాకీ,
వాటి కింద కాస్త చోటు.
"ఇక్కడ పెట్టు."

అతనికి రాయడం రాదు.
పొద్దుట్నుంచీ ప్రతి బల్ల దగ్గరా ఏం పెట్టాడో అదే పెట్టాడు:
సున్నం తిన్న వేళ్ళతో
ఒక సున్న.
కొంచెం సొట్ట. మధ్యలో చుక్క, ఇరుసులా.
అమ్మ దాని పక్కనే రాసింది:
రెండు గుడ్లు, అర రొట్టె, బాకీ.

ఆ ఏడు ఛాంపియన్ ఎవరో
నాన్న చచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.
నాకు గుర్తుండదు.

నేను లాంతరు పట్టుకున్నాను.
అతను వెనక చక్రం తిప్పుకున్నాడు,
"ఇక దిగుడే" అంటూ.
మర తిప్పుతుంటే నట్టు జారి బురదలో పడింది.
ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని
చాలాసేపు వెతికాం, మాటల్లేకుండా.
అతని బూటు కిందే ఉంది.